ఇంటి విజిట్ల నుంచి వేసవి జబ్బుల జాడ: పిలిస్తే ఇంటికెళ్లే డాక్టర్లకు, వాళ్ల టీమ్‌లకు సమగ్ర మార్గదర్శి

వేసవిలో ఏ రాత్రి ఫోన్ వచ్చినా ఇంటికే వెళ్లి చూసే డాక్టర్‌కి ఆస్పత్రికి తెలియని రెండు విషయాలు తెలుస్తాయి. రోగి ఏ గదిలో పడుకున్నాడన్నది ఒకటి. ఆ ఇంట్లో ఇంకా ఎవరికి బాగాలేదన్నది రెండోది. వేసవి జబ్బులు చాలావరకు ఈ రెండింటిలోంచే పుడతాయి: రేకుల కింద నిలిచిపోయిన వేడి, అందరూ తాగే ఒకే నీళ్లు. అయినా ఆ డాక్టర్ మందు రాసి, ఫీజు తీసుకుని, ఇంకో ఇంటికి వెళ్లిపోతే చూసినదంతా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఏ రోజుకారోజు రాసిపెట్టి, పోల్చి చూసి, ఊరికి పనికొచ్చేలా చేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. ఒక్కరే తిరిగే డాక్టర్‌కీ, పది మందితో హోమ్ విజిట్ సర్వీస్ నడిపేవాళ్లకీ, పీహెచ్‌సీ నుంచి ఊళ్లకు వెళ్లే మెడికల్ ఆఫీసర్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడ నిలదొక్కుకుంది

ఫ్రాన్స్‌లో ఎస్ఓఎస్ మెద్సాన్ అనే సంస్థ ఉంది. 1966లో పారిస్‌లో మార్సెల్ లాస్కార్ అనే డాక్టర్ మొదలుపెట్టారు. సెలవు రోజైనా, అర్ధరాత్రైనా పిలిస్తే డాక్టర్ ఇంటికి వస్తారు. ఇప్పుడు దేశమంతా 60కి పైగా స్థానిక సంఘాలుగా పనిచేస్తోంది. చాలా ఏళ్లపాటు అది వైద్యసేవ మాత్రమే. 2003 ఆగస్టు దాన్ని మార్చింది.

ఆ నెల మొదటి మూడు వారాల్లో వచ్చిన వడగాడ్పులకు ఫ్రాన్స్‌లో మామూలు కంటే దాదాపు 15,000 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది 75 ఏళ్లు దాటినవాళ్లు. దేశమంతా సెలవుల్లో ఉంది. ఎమర్జెన్సీ వార్డులు నిండిపోతున్నాయని డాక్టర్లు టీవీల్లోకి వచ్చి చెప్పేదాకా ప్రభుత్వానికి తీవ్రత అర్థం కాలేదు. సమాచారం లేక కాదు. అది ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల ఉండిపోయింది, రోజూ కూడి చూసేవాళ్లు లేరు. ఆ దెబ్బతో 2004 నుంచి రోజువారీ నిఘా వ్యవస్థ కట్టుకున్నారు. ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగాల లెక్కలు, మరణాల నమోదు, వాటితోపాటు ఎస్ఓఎస్ మెద్సాన్ డాక్టర్ల ఇంటి విజిట్ల వివరాలు అందులోకి వస్తాయి. ప్రజారోగ్య సంస్థ సాంతే ప్యుబ్లిక్ ఫ్రాన్స్ వీటిని రోజూ విశ్లేషిస్తుంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు వేడి మీద ప్రత్యేక కాపలా ఉంటుంది. వడదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం, రెండింటినీ కలిపి ఒక సూచికగా చూస్తారు.

మన దగ్గర 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. మనకు 108 ఉంది, జిల్లా స్థాయి వ్యాధి నిఘా విభాగాలున్నాయి, జబ్బుల నమోదుకు ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. ఇంటికెళ్లే డాక్టర్ చూసింది మాత్రం చాలా ఊళ్లలో ఏ లెక్కలోకీ రాదు. అందుకే ఈ పని మన చేతుల్లోనే మొదలవ్వాలి.

మొదటి అడుగు: ఏం లెక్కపెట్టాలో ఎండలకు ముందే రాసుకోండి

ఎనిమిది గుంపులకు, చివర ‘మిగతావన్నీ’ అనే ఒక్క గడికి మించొద్దు. అంతకంటే ఎక్కువైతే అలసిపోయిన డాక్టర్ రాత్రి రెండింటికి ఏదో ఒకటి టిక్ పెట్టేసి వదిలేస్తారు. నేనైతే ఇలా పెడతాను: (1) వడదెబ్బ; (2) వడదెబ్బ దాకా వెళ్లని ఎండ నీరసం, కండరాలు పట్టేయడం; (3) ఒంట్లో నీరు తగ్గడం; (4) వాంతులు విరేచనాలు; (5) పచ్చకామెర్లు; (6) మూడు రోజులు దాటిన జ్వరం; (7) ఆటలమ్మ, గవదబిళ్లలు; (8) మూత్రంలో మంట, కిడ్నీ రాయి నొప్పి; చివర మిగతావన్నీ. చెమటకాయలు, సెగ్గడ్డలు వేసవికి గుర్తులే అయినా వాటి కోసం ఎవరూ రాత్రిపూట డాక్టర్‌ని పిలవరు, వాటిని మిగతావాటిలో వేయండి.

ప్రతి గుంపుకీ ఒక్క వాక్యం నిర్వచనం రాసి, టీమ్‌లో అందరి ఫోన్లలో ఉంచండి. ఉదాహరణకు వడదెబ్బ అంటే: వేడిలో ఉన్న మనిషికి ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారన్‌హీట్ దాటి, మాటలోనో స్పృహలోనో తేడా రావడం. చెమట ఆగిపోవాలన్న షరతు పెట్టకండి. ఎండలో బరువులు మోసే కూలీకి ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. నీళ్ల విరేచనాలు అంటే 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు. ఇద్దరు డాక్టర్లు ఒకే రోగిని చూసి వేర్వేరు గుంపుల్లో వేస్తే మీ లెక్క పెరిగినా తరిగినా దానికి అర్థం ఉండదు.

రాయడం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కానీ, మార్చి నుంచే కేసులు వస్తాయి. అంతకంటే ముఖ్యం, మామూలు రోజులు ఎలా ఉంటాయో రాసుకోకపోతే మామూలు కానిది వచ్చినప్పుడు పోల్చడానికి ఏమీ ఉండదు.

రెండో అడుగు: ఫోన్‌లో చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి

పిలవడానికి కారణం వేరు, డాక్టర్ తేల్చిన జబ్బు వేరు. ఫ్రాన్స్‌లో రెండింటినీ వేర్వేరు గడుల్లో రాస్తారు, మనమూ అలాగే రాయాలి. కారణం ఫోన్ పెట్టేసే సరికే చేతిలో ఉంటుంది. జబ్బు పేరు విజిట్ అయ్యాక గానీ రాదు, కొన్నిసార్లు ఖాళీగానే మిగిలిపోతుంది.

"తాతయ్య పొద్దున్నుంచి లేవట్లేదు, ఏదేదో మాట్లాడుతున్నారు." "కళ్లు తిరిగి పడిపోయింది." "బాబుకి మూత్రం రాలేదు." ఫోన్ ఎత్తినవాళ్లు ఈ మాటల్నే రాయాలి. మొదటిదాన్ని 'నీరసం' అని కుదిస్తే అందులోని వడదెబ్బ సూచన పోయినట్టే. మతి తప్పి మాట్లాడటం, మూర్ఛ, స్పృహ లేకపోవడం వినిపిస్తే డాక్టర్ వచ్చేదాకా ఆగమనకుండా 108కి చేయించి, ఆ లోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టమని చెప్పాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దని కూడా చెప్పాలి. కంగారులో ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని అదే.

ఫోన్ వచ్చిన టైమ్ రాయండి, పేషెంట్ వయసు రాయండి, ఏ వీధో రాయండి. అక్కడితో ఫోన్ పని చాలు.

మూడో అడుగు: రోగితో పాటు ఇంటినీ చూడండి

ఈ అడుగు మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. ఇంటికెళ్లే డాక్టర్‌కున్న అసలు బలం ఇదే, ఆస్పత్రి ఎంత పెద్దదైనా దానికి లేనిదీ ఇదే.

రోగి వైపు నుంచి: ఒంటి వేడి, నాడి, బీపీ, షుగర్, శ్వాస, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది. చంక కింద పెట్టిన థర్మామీటర్ వడదెబ్బలో అసలు వేడిని తక్కువగా చూపిస్తుంది. మలద్వారం దగ్గర చూసే కొలత నమ్మదగింది, కానీ ఇళ్లలో అది ప్రతిసారీ కుదరదు. కాబట్టి అంకె 102 దగ్గర ఆగినా, మనిషి మతి తప్పి ఉంటే వడదెబ్బగానే చూసి చల్లబరచండి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. పారాసిటమాల్ ఆ వేడిని దించదు, అది ఇన్ఫెక్షన్ జ్వరానికి మందు. ఏ థర్మామీటర్‌తో, ఎక్కడ చూశారో రిజిస్టర్‌లో రాయండి.

వాడుతున్న మాత్రలు అడగండి. బీపీకి, గుండెకి ఇచ్చే నీళ్ల మాత్రలు, మానసిక సమస్యలకు ఇచ్చే కొన్ని మందులు, చెమట తగ్గించే మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని ఆపడమో మార్చడమో డాక్టర్ నిర్ణయం, పక్కింటివాళ్ల సలహాతో చేయొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి.

ఇంటి వైపు నుంచి చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. పైకప్పు రేకులా, స్లాబా? పై అంతస్తా? రాత్రి ఎన్ని గంటలు కరెంటు పోయింది? కిటికీ తెరుచుకుంటుందా? కూలర్ ఉంటే, మూసిన గదిలో పెట్టారా? పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారా? వడదెబ్బంటే ఎండలో తిరిగినవాళ్లకే అనుకుంటాం. గది దాటి బయటికే రాని ముసలివాళ్లకు, మూడు రాత్రులు చల్లబడని ఇంట్లో మెల్లగా తగిలే వడదెబ్బ చాలామందికి తెలియదు. 2003లో ఫ్రాన్స్‌లో జరిగింది ఎక్కువగా ఇదే. మన దగ్గర ఎండలో పనిచేసేవాళ్లు కూడా ఎక్కువే కాబట్టి రోగి పని రాయండి: ఉపాధి హామీ పని, ఇటుక బట్టీ, భవన నిర్మాణం, మిర్చి కోత, డెలివరీ. ఆ రోజు ఎన్నింటి దాకా ఎండలో ఉన్నారో కూడా.

విరేచనాల కేసైతే నీళ్లు ఎక్కడివని అడగండి. మున్సిపాలిటీ కుళాయా, బోరా, ట్యాంకరా, ఇరవై లీటర్ల క్యానా? ఎవరి దగ్గర కొన్నారు? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, పక్కింట్లో? పెళ్లి భోజనం, జాతర, రోడ్డు పక్క జ్యూస్, ఐసు? ఇంటి ముందు పైపు మురుగు కాలువలోంచి వెళ్తోందేమో ఒక్కసారి వంగి చూడండి. ఎండాకాలంలో నీళ్లు రోజుకో గంట వదిలినప్పుడు ఖాళీ పైపుల్లోకి పగుళ్ల గుండా మురుగు లాక్కుంటుంది. వర్షాలు లేని మేలో కూడా వీధికి వీధి విరేచనాలతో పడకేయడానికి ఇదొక పెద్ద కారణం.

మీరు వెళ్లేలోపు ఏం తాగించారో కూడా రాయండి. లీటరు నీటిలో కలిపే అసలు ఓఆర్ఎస్ పొడి వేరు, షాపులో దొరికే తియ్యటి డబ్బా పానీయం వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది. ఆ గడిలో డబ్బా పానీయం అని మళ్లీ మళ్లీ కనబడితే, ఏ వీధిలో మందుల షాపువాళ్లతో మాట్లాడాలో మీకు తెలిసిపోతుంది.

నాలుగో అడుగు: ఒక విజిట్, ఒక వరుస

పుస్తకమైనా, ఫోన్‌లో ఎక్సెల్ షీట్ అయినా సరే. తేదీ, టైమ్, వయసు, ఆడా మగా, వీధి లేదా వార్డు, పిలిచిన కారణం, జబ్బు గుంపు, ఒంటి వేడి, నీళ్లు ఎక్కడివి, ఇంట్లో ఇంకెంతమందికి, చివర ఏమైంది. ఆఖరి గడిలో ఇంట్లోనే ఉంచామా, ఆస్పత్రికి పంపామా, వెళ్లేసరికే పోయారా అన్నది రాయండి. పేరు, ఫోన్ నంబరు డాక్టర్ దగ్గరున్న కేస్ షీట్‌లోనే ఉండాలి. బయటివాళ్లకు ఇచ్చే కాపీలో వీధి వరకే. పచ్చకామెర్లు ఫలానా ఇంట్లో అని ఊరంతా తెలిస్తే రేపటి నుంచి ఎవరూ నిజం చెప్పరు.

విజిట్ అయిన వెంటనే, బండి ఎక్కకముందే రాయాలి. రాత్రి ఇంటికెళ్లి గుర్తు తెచ్చుకుని రాసే రిజిస్టర్ మీద నాకు నమ్మకం లేదు.

ఐదో అడుగు: పొద్దున్నే నిన్నటి లెక్క

రోజూ ఒకే టైమ్‌కి, ఒకే మనిషి, ఓ పావుగంట కూర్చుంటే చాలు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది, ఆదివారాన్ని శనివారంతో పోల్చడం. ఆదివారం క్లినిక్‌లు మూసి ఉంటాయి కాబట్టి మీకు ఫోన్లు ఎక్కువే వస్తాయి. ఆదివారాన్ని గత నాలుగైదు ఆదివారాలతోనే పోల్చాలి. పండగలకు, పెళ్లిళ్ల ముహూర్తాలకు, వేసవి సెలవుల్లో పిల్లలంతా అమ్మమ్మ ఊరు వచ్చినప్పుడు ఊళ్లో జనమే మారిపోతారు. ఆ తేదీల పక్కన గుర్తు పెట్టుకోండి.

రెండోది, సంఖ్యను ఒక్కదాన్నే చూడటం. మామూలు మంగళవారం 20 విజిట్లలో 3 విరేచనాల కేసులు అనుకుందాం. ఈ మంగళవారం 40 విజిట్లలో 6 వచ్చాయి. సంఖ్య రెట్టింపైంది, వాటా మాత్రం 15 శాతమే. మీ సర్వీస్‌కి గిరాకీ పెరిగి ఉండొచ్చు, పక్క డాక్టర్ ఊరెళ్లి ఉండొచ్చు. అదే 20లో 6 వస్తే వాటా 30 శాతం, అప్పుడు వీధుల వారీగా విడదీసి చూడాల్సిందే. జబ్బు గుంపు గడి ఖాళీగా వదిలిన విజిట్లను ఈ వాటా లెక్కలోంచి తీసేయండి, లేదంటే బద్ధకంగా రాసిన రోజు జబ్బులు తగ్గినట్టు కనిపిస్తుంది.

చిన్న టీమ్‌కి రోజు లెక్క ఎగుడుదిగుడుగా ఉంటుంది. రోజుకు ఐదారు విజిట్లే అయితే గత ఏడు రోజుల మొత్తాన్ని రోజూ చూసుకోండి.

ఆరో అడుగు: తేదీ పక్కన ఎండ ఎంతో రాసి, రోజులు వెనక్కి లెక్కించండి

రిజిస్టర్‌లో ప్రతి తేదీ పక్కన ఆ రోజు గరిష్ఠం, ముందు రాత్రి కనిష్ఠం రాయండి. కనిష్ఠాన్ని వదిలేయకండి. ఫ్రాన్స్‌లో వడగాడ్పు హెచ్చరికకు పగటి వేడితోపాటు రాత్రి వేడిని కూడా చూస్తారు, అదీ మూడు రోజుల సగటు. పారిస్‌కి ఆ హద్దులు పగలు 31, రాత్రి 21 డిగ్రీలు. మనకు 31 చల్లటి రోజు. అంటే హద్దు ఊరిని బట్టి ఉంటుంది, అక్కడి మనుషులు దేనికి అలవాటుపడ్డారన్నదాన్ని బట్టి ఉంటుంది. మన వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటుంది. తీరంలో 37 నుంచే చూస్తుంది, ఎందుకంటే ఉక్కపోతలో చెమట ఆరదు. రామగుండం 43కీ మచిలీపట్నం 39కీ ఒంటి మీద పడే భారంలో తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. మీ రిజిస్టర్ రెండు వేసవులు నిండితే మీ ఊరి హద్దు మీకే తెలుస్తుంది.

వడదెబ్బ అదే రోజు, లేదా ఒకటి రెండు రోజుల్లో కనబడుతుంది. మిగతా జబ్బులకు క్యాలెండర్ వెనక్కి తిప్పాలి. కలరా అయితే కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు. టైఫాయిడ్ సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు. ఆటలమ్మ 10 నుంచి 21 రోజులు. నీటి ద్వారా వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఏ 15 నుంచి 50 రోజులు, సగటున నాలుగు వారాలు. ఈ లెక్క ఎందుకు పనికొస్తుందంటే, మే ఆఖరులో ఒకే వార్డులో మూడు పచ్చకామెర్ల కేసులు వచ్చినప్పుడు నిన్నటి నీళ్లు పరీక్షించి బాగానే ఉన్నాయంటారు. మీరు ఏప్రిల్ ఆఖరు పేజీలు తిప్పితే ఆ వార్డులోనే విరేచనాలు పెరిగిన వారం కనబడొచ్చు. పైపు అప్పుడే పగిలి ఉంటుంది. ఆ వార్డులోని గర్భిణుల జాబితా వెంటనే ఏఎన్ఎం దగ్గర తీసుకోండి, హెపటైటిస్ ఈ గర్భిణుల ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏడో అడుగు: ఎప్పుడు, ఎవరికి చెప్పాలి

కొన్నింటికి వాటాలూ సగటులూ అక్కర్లేదు. ఒక్క వడదెబ్బ మరణం వచ్చినా, నీళ్ల విరేచనాలతో పెద్దవాళ్లెవరైనా తీవ్రంగా వడలిపోయినా, ఒకే కుళాయి లైన్ మీద రెండిళ్లలో విరేచనాలు వచ్చినా, ఒకే విందులో తిన్న నలుగురికి వాంతులైనా ఆ గంటలోనే ఫోన్ చేయాలి. పీహెచ్‌సీ లేదా అర్బన్ హెల్త్ సెంటర్ మెడికల్ ఆఫీసర్‌కి, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలోని నిఘా విభాగానికి. ఆ నంబర్లు ఫిబ్రవరిలోనే తీసి, ఒకసారి చేసి చూసి, రిజిస్టర్ అట్ట లోపల అతికించండి. ఐహెచ్ఐపీలో నమోదు ఆరోగ్య సిబ్బంది చేస్తారు, మీరిచ్చే ఖచ్చితమైన వరుసలు వాళ్ల పని సగం చేసిపెడతాయి.

చెప్పేటప్పుడు "మా ఏరియాలో విరేచనాలు ఎక్కువగా ఉన్నాయండి" అంటే ఎవరూ కదలరు. "ఫలానా వీధి, మూడు రోజుల్లో ఏడుగురు, అందులో ఐదుగురు పెద్దవాళ్లు, అందరివీ కుళాయి నీళ్లే, బోరు నీళ్లు తాగే ఇళ్లలో ఎవరికీ లేదు" అనండి. ఆ చివరి ముక్క అడిగి రాసుకున్నందుకే చెప్పగలుగుతారు. బాగున్న ఇళ్లు కూడా సాక్ష్యమే.

అధికారులు వచ్చేలోపు రెండు పనులు చేయొచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఒకరిద్దరి మలం శాంపిల్ తీయించండి. బ్లీచింగ్ కొట్టకముందే నీటి శాంపిల్ తీయించండి. కేసు తెలియగానే కంగారుగా బ్లీచింగ్ చల్లేస్తారు, తర్వాత తీసిన నీళ్లలో ఏమీ దొరకదు. కుళాయి దగ్గర క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. పంచాయతీవాళ్ల దగ్గరుండే క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో క్లోరిన్ చూసే చిన్న కిట్‌తో, నిమిషంలో చూడొచ్చు. లైన్ మొదట్లో ఉన్న ఇంట్లో కాదు, చివరి ఇంట్లో చూడమనండి.

ఎనిమిదో అడుగు: పిలవనివాళ్ల కోసం

ఫోన్లు రాని వీధిలో జబ్బులు లేవని కాదు. విజిట్ ఫీజు ఇవ్వలేనివాళ్లు పిలవరు. వలస కూలీల షెడ్లలో మీ నంబరే ఉండదు. ఒంటరి ముసలివాళ్లు పిలిచే స్థితిలో ఉండరు. ఫ్రాన్స్‌లో ఇంటి విజిట్ల లెక్కను ఆస్పత్రులతో, మరణాల నమోదుతో పక్కపక్కన పెట్టి చూస్తారు, ఒక్కదాన్నే నమ్మరు. వేర్వేరు తలుపులు తట్టేవాళ్లు వేర్వేరు మనుషులు మరి. మన స్థాయిలో వారానికోసారి మూడు ఫోన్లు చాలు: దగ్గర్లోని ఆశా కార్యకర్తకి ఒకటి, మందుల షాపులో ఓఆర్ఎస్ ఎంత పోతోందని అడగడానికి ఒకటి, పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో ఆ వారం నమోదైన మరణాల గురించి ఇంకొకటి. పెద్దవాళ్ల మరణాలు పెరిగి, మీకు ఫోన్లు మాత్రం పెరగకపోతే ఆ వీధికి మీరే వెళ్లాలి.

వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజుల్లో, గతంలో మీరు చూసిన ఒంటరి వృద్ధులకు, మంచాన ఉన్నవాళ్లకు సాయంత్రం ఫోన్ చేయించండి. ఎత్తకపోతే పక్కింటివాళ్లను తలుపు తట్టమనండి. నీళ్ల మాత్రలు, మానసిక మందులు వాడుతున్నవాళ్లను కేస్ షీట్లలోంచి ముందే వేరు చేసి పెట్టుకుంటే ఈ జాబితా చిన్నదిగానే ఉంటుంది.

తొలకరి పడగానే రిజిస్టర్ మూసేయకండి. మొదటి వానలకు మురుగు కొట్టుకొచ్చి విరేచనాలు మళ్లీ లేస్తాయి, వేసవిలో అంటుకున్న పచ్చకామెర్లు జూలై దాకా బయటపడుతూనే ఉంటాయి. జూలై నెలాఖరు వరకు అవే గుంపులతో రాసి, వీధుల వారీ మొత్తాలు ఒక పేజీలో వేసి, పైపులు మార్చాల్సిన వీధుల పేర్లు మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.